ఈశాన్యానికి దండం

"ఇంకా తెల్లారనేదు కదరా గుంటడా, అప్పుడే బడేటి?"

"గడియారంలో ఎనిమిదయిపోనాది మామ్మా."

"ఎవుడి గడియారం?"

మామ్మ అడిగిన దానికి జవాబు టోక్యోలో ఉంది. 1942 ఫిబ్రవరి 15 సాయంత్రం బుకిట్ తిమా రోడ్డులోని ఫోర్డు కార్ల ఫ్యాక్టరీలో బ్రిటిష్ జనరల్ పెర్సివల్ లొంగుబాటు కాగితం మీద సంతకం పెట్టాడు. సింగపూరు కాస్తా 'షోనాన్' అయిపోయింది. గడియారాలను గంటన్నర ముందుకు తిప్పి టోక్యో వేళకు కలిపారు. క్యాలెండరులో 1942 పోయి 2602 వచ్చింది. జపాను తొలి చక్రవర్తి గద్దెనెక్కిన ఏడాది నుంచి వాళ్లు వేసుకునే లెక్క అది. ఊరి పేరు మారింది, పొద్దు మారింది, ఏడు మారింది. ఇక మిగిలింది బడి.

ఈ కుర్రాడికి నేను పేరు పెట్టడం లేదు. జపాను ఏలుబడి మూడున్నరేళ్లలో తంజోంగ్ పగార్ సందుల్లో పెరిగిన ఎందరో పిల్లల అనుభవాలు పోగుచేసి ఇతన్ని నిలబెట్టాను. రేవులో మూటలు లెక్కపెట్టే మేస్త్రీ కొడుకు, విశాఖ జిల్లా నుంచి ఓడెక్కిన కుటుంబం అనుకోండి. ఇతనూ, మామ్మా, అయ్యా ఊహ. వాళ్ల చుట్టూ జరిగిందంతా నిజం.

తంజోంగ్ పగార్ అంటే మలయ్ మాటల్లో కంచెలున్న కొన. అప్పటికే ఆ కొన మీద రేవు, గోదాములు, కూలీల వరస ఇళ్లు. 1932లో కట్టిన రైల్వే స్టేషను ముందుగోడ మీద వ్యవసాయం, వాణిజ్యం, రవాణా, పరిశ్రమ అని నాలుగు పాలరాతి బొమ్మలు దర్జాగా నిలబడి ఉండేవి. చదువు బొమ్మ ఆ నాలుగింటిలో లేదు. అలాగని ఈ పేటకు చదువు కొత్తా కాదు. తంజోంగ్ పగార్ డాక్ కంపెనీకి కూలీలను సమకూర్చిన గుత్తేదారు గాన్ ఎంగ్ సెంగ్ 1885లోనే పక్కనున్న తెలోక్ అయర్ వీధిలో పేదపిల్లలకు ఉచితంగా ఇంగ్లీషు బడి పెట్టాడు. ఆయన పేరుతోనే ఆ బడి ఇప్పటికీ నడుస్తోంది.

లొంగుబాటు తర్వాత రెండు నెలలకు, ఏప్రిల్లో, బడులు మళ్లీ తెరిచారు. అదే ఏప్రిల్ 6న జపాను విమానాలు విశాఖపట్నం మీద, కాకినాడ మీద బాంబులు వేశాయి. ఆ కబురు ఈ ఇంటికి చేరే దారి లేదు. ఉత్తరాలు ఆగిపోయాయి. ఊళ్లో ఎవరున్నారో ఎవరు పోయారో తెలియకుండానే, ఆ బాంబులేసినవాడి బడికి కుర్రాడు పలక పట్టుకుని వెళ్లాడు.

బడుల పని మొదట పడింది మమోరు షినోజాకీ నెత్తిన. ఈయన కథే విచిత్రం. 1940లో గూఢచారి అని బ్రిటిష్‌వాళ్లు చాంగీ జైల్లో పెట్టిన మనిషి; జపాను సైన్యం వచ్చి విడిపించింది. విడుదలైన ఖైదీ కాస్తా విద్యాధికారి అయ్యాడు. ఆయన పైన నగరానికి మేయరు షిగెఓ ఓడాచీ. హోంశాఖలో పైకొచ్చిన అధికారి, మంచూరియాలో పెద్ద హోదాలో పనిచేసి వచ్చాడు. ఈ ఓడాచీ పేరు కాస్త గుర్తుంచుకోండి. ఈ కథలో కుర్రాడి తర్వాత అంత అవసరమైనవాడు ఈయనే.

ఏప్రిల్ 29 జపాను చక్రవర్తి పుట్టినరోజు. ఆ రోజున బడిపిల్లలను బారులు తీర్చి, చేతుల్లో కాగితపు జెండాలతో, జపాను దేశభక్తి పాట పాడించారు. అప్పటికి ఆ పిల్లల్లో చాలామందికి వచ్చిన జపాను భాషంతా ఆ పాటే. అర్థం తెలియకుండా కంఠస్థం. మన వీధిబడుల్లో అమరకోశం వల్లెవేసిన వాళ్లకు అందులో వింతేమీ కనపడదు.

ఇక రోజూ పొద్దున బడిలో జరిగేది ఇది. పిల్లలంతా వరసల్లో నిలబడాలి. సూర్యుడి జెండా ఎగురుతుంది. జపాను జాతీయగీతం కిమిగయో పాడాలి. తర్వాత అందరూ ఒకే వైపు తిరిగి నడుము వంచాలి. ఆ వైపు మూడు వేల మైళ్లకు పైన టోక్యో ఉంది, అందులో రాజభవనం ఉంది. పటం తీసి చూస్తే సింగపూరుకు టోక్యో ఈశాన్యంగా పడుతుంది. ఆ తర్వాత రేడియోలో అంకెలు వినబడుతుంటే కసరత్తు.

సాయంత్రం కుర్రాడు ఈ సంగతంతా చెబుతుంటే మామ్మ ఒక్కచోట ఆపింది.

"ఏ మూలకి దండమెట్టమన్నారు?"

"ఇటు. రేవు కుడిపక్కకి కొంచెం ఇలాగ."

"ఈశాన్యం. దేవుడి మూలే కదరా! మంచిదే."

"దేవుడికి కాదు మామ్మా. రాజుకి."

"ఏడీ, కనబడతాడా?"

"నేడు. చానా దూరం."

మామ్మ చాట దులుపుకుంది. "కనబడని రాజుకి ఎందుకెడతారు దండం? ఎదురుగా తుపాకీ ఎట్టుకున్నోడు ఉన్నాడు కాబట్టి."

చాట దులుపుతూ అన్న మాటే గానీ, కాపలా సైనికుడి ముందు తల వంచకుండా వెళ్లినవాడి చెంప పగలడం ఆ నగరంలో ప్రతివాళ్లూ చూశారు. అంతకు ముందు నెలల్లో సోదాలని చైనా మగవాళ్లను వరసల్లో నిలబెట్టి వేల ప్రాణాలు తీశారు. పిల్లలకు ఆ వివరాలు ఎవరూ చెప్పలేదు. బడిలో పక్కబల్ల మీద ఖాళీ జాగా మాత్రం కనబడింది.

చదువులో మొదటి మెట్టు కటకానా అక్షరాలు. పిల్లల కోసం జూన్‌లో 'సకురా' అనే చిన్న పత్రిక కూడా ఆ అక్షరాల్లోనే తెచ్చారు. కుర్రాడు పలక మీద రాసుకొచ్చి ఇంట్లో గట్టిగా చదివాడు: అ, ఇ, ఉ, ఎ, ఒ. క, కి, కు, కె, కొ. మూల చుట్ట కాల్చుకుంటున్న అయ్య తలెత్తాడు.

"ఒరే, మళ్లీ సదువు."

మళ్లీ చదివాడు. క, కి, కు, కె, కొ. స, షి, సు, సె, సొ.

"ఇది మన గుణింతం కాదేటి?"

అయ్య రెండేళ్లు వీధిబడిలో ఇసకలో వేలు పెట్టి దిద్దినవాడు. ఆయన చెవి మోసపోలేదు. జపాను అక్షరాల వరస మన వర్ణమాల నీడలోనే కుదిరింది. బౌద్ధ సన్యాసులు సంస్కృత మంత్రాలను 'సిద్ధం' అనే లిపిలో నేర్చుకుంటూ, అచ్చులు ముందు, హల్లులు వెనక అనే ఆ క్రమాన్నే తమ అక్షరాలకూ పట్టించారు. బొమ్మలు వాళ్లవి, వరస మనది. తంజోంగ్ పగార్‌లో ఈ సంగతి అయ్యకు చెప్పేవాళ్లు ఎవరూ లేరు. "మనదే ఎత్తికెల్లి మనకే నేర్పుతున్నాడు" అని నవ్వి చుట్ట ముట్టించుకున్నాడు.

అంకెల దగ్గర మామ్మ వంతు. ఇచి, ని, సన్, షి, గో. కుర్రాడు సాగదీసి పాడాడు, "ఇచ్చీ... నీ... సానూ..."

"ఇచ్చీ నీ... ఏటిచ్చినాడురా మనకి?" అంది మామ్మ. "నీదేదీ నీకివ్వనేదు, నాది నాకివ్వనేదు."

అయ్యకు వేరే లెక్క ఉంది. రేవులో మూట దిగుతుంటే ఆయన ఒకటి అనడు. కళ్లంలో కుంచంతో ధాన్యం కొలిచే అలవాటు ఓడెక్కినా పోలేదు. "లాభం, రెండు, మూడు..." అనే లెక్కపెడతాడు. జపాను దొరకు ఆ మొదటి మాట అర్థం కాక రెండుసార్లు మొదటి మూటను వదిలేశాడట. మూడోసారి అయ్య చెంప మోగింది.

లెక్కల సంగతి సరే, తిండి? 1943 కల్లా బియ్యం చేతి కొలతకొచ్చింది. బడి ఆవరణలో కర్రపెండలం వేయించారు. పిల్లలకు పాఠం కంటే పారపని ఎక్కువైంది. అరటిచెట్టు బొమ్మ వేసిన జపాను నోట్లు సంచీ నిండా తీసుకెళ్తే చేతినిండా సరుకు వచ్చేది. బడిలో తలలు పల్చబడ్డాయి. చదువు మానినవాళ్లలో కొందరు బజారులో సిగరెట్లు అమ్మి అయ్యల కంటే ఎక్కువ సంపాదించారు. జపాను విద్యావిధానం సింగపూరులో ఎందుకు వేళ్లూనలేదంటే పండితులు రకరకాల కారణాలు చెబుతారు. నాకు మాత్రం ఆకలే పెద్ద కారణంగా కనబడుతుంది. అన్నం పెట్టని బడి ఏ భాషలో చెప్పినా ఒకటే.

ఆ ఏడాది ఏప్రిల్లో స్టేషను నుంచి సరుకు పెట్టెల్లో మనుషులను కుక్కి పంపడం కుర్రాడు చూశాడు. 'ఎఫ్ ఫోర్స్' పేరుతో 7 వేల మంది ఆస్ట్రేలియన్, బ్రిటిష్ ఖైదీలను సియాం-బర్మా రైలుదారి వేయడానికి తరలించారు. మలయా తోటల నుంచి తమిళ కూలీలు, వాళ్లతో పాటు మన తెలుగు కూలీలు కూడా ఆ అడవుల్లోకే వెళ్లారు. తిరిగి రానివాళ్లు ఎందరో. గోడ మీద రవాణా బొమ్మ కింద నుంచే బళ్లు కదిలాయి.

1943 జులైలో మేయరు ఓడాచీ టోక్యో వెళ్లిపోయాడు. కొత్తగా ఏర్పడిన టోక్యో మహానగరానికి తొలి గవర్నరు పదవి. షోనాన్‌లో ఉండి యుద్ధం ఎటు పోతోందో చూసినవాడు. రాజధానిలో జనం ఇంకా గెలుపు పాటలు పాడుతుంటే ఆయనకు మింగుడుపడలేదంటారు. నోటితో చెప్పలేని మాటను ఇంకో విధంగా చెప్పాడు. ఆగస్టులో ఉయెనో జంతుశాలకు ఆజ్ఞ వెళ్లింది: బాంబులు పడితే తప్పించుకోగల మృగాలన్నిటినీ చంపేయండి. అప్పటికి టోక్యో మీద పెద్ద దాడులకు ఇంకా ఏడాది పైనే ఉంది.

సింహాలు, పులులు, ఎలుగుబంట్లు పోయాయి. మూడు ఏనుగులు మిగిలాయి. జాన్, టోంకీ, వాన్రీ. విషం పెట్టిన దుంపలు తొండంతో విసిరికొట్టాయి. దాంతో తిండి మానిపించారు. టోంకీకి ఆటలు నేర్పి ఉన్నారు. ఎవరైనా మనిషి కనబడగానే ముందుకాళ్లు ఎత్తి, తొండం పైకి లేపి నిలబడేదట, ఆట ఆడితే గడ్డి వేస్తారని. సెప్టెంబరు 4న బడిపిల్లలను రప్పించి చనిపోయిన జంతువులకు సంతాప పూజ చేశారు. అప్పటికి రెండు ఏనుగులు తెరల వెనక బతికే ఉన్నాయి. టోంకీ 23వ తేదీ దాకా పట్టింది.

అక్కడ పిల్లలకు కూడా పాఠమే అది. దేశం కోసం చావడం ఎంత గొప్పదో ఏనుగుల చేత చెప్పించారు.

రెండేళ్లకు లెక్క తిరగబడింది. 1945 సెప్టెంబరు 5న మన 5వ ఇండియన్ డివిజను తంజోంగ్ పగార్ రేవులోనే దిగింది. పంజాబీ జవాన్లు ఓడల్లోంచి దిగుతుంటే పేటంతా గట్టు మీదే. 12న మునిసిపల్ భవనంలో జపాను లొంగుబాటు. అరటి నోట్లు ఆ ఒక్క వారంలో చిత్తుకాగితాలయ్యాయి.

జపానులో ఆ నెలలోనే మరో రకం కాగితాల మీద పని మొదలైంది. సెప్టెంబరు 20న, అమెరికన్లు గట్టిగా అడగకముందే, టోక్యో విద్యాశాఖ ఒక ఉత్తర్వు పంపింది. పాఠ్యపుస్తకాల్లో యుద్ధాన్ని పొగిడే చోట్లను కొట్టేయమని. పుస్తకాలు తిరిగి అచ్చువేయడానికి కాగితం లేదు. అందుకని పిల్లల చేతికే కుంచెలిచ్చారు.

ఆ దృశ్యాన్ని దగ్గరగా చూడాలి. మన దగ్గర పుస్తకం కాలికి తగిలితే కళ్లకద్దుకుంటాం. అక్కడ పిల్లలు పుస్తకం తెరిచే ముందు రెండు చేతులా ఎత్తి నుదుటిదాకా తెచ్చి తలవంచేవాళ్లు. నిన్నటిదాకా అలా మొక్కిన పుస్తకాన్ని ఇవాళ అదే పంతులు తెరవమన్నాడు. 'ఫలానా పేజీ, మూడో వరస నుంచి ఏడో వరస దాకా.' పిల్లలు సిరాకడ్డీ నూరి, కుంచె ముంచి, నల్లగా పూశారు. కొన్ని పాఠాలు మొదలు నుంచి చివరిదాకా పోయాయి. సిరా ఆరక పేజీలు ఒకదానికొకటి అంటుకున్నాయి. వెలుతురుకు పెట్టి చూస్తే కింది అక్షరాలు కనబడుతున్నాయని మళ్లీ పూయించిన బడులున్నాయి. దాన్ని 'సిరా పూసిన పుస్తకం' అని జపానువాళ్లు ఇప్పటికీ చెప్పుకుంటారు. ఆ పనిలో పాఠం పోయిన బాధ కంటే, మొన్న చదివించిన నోరే నేడు చెరపమనడం చూసి పెద్దవాళ్ల మీద నమ్మకం పోయిన బాధ ఎక్కువని ఆ తరం రాసుకుంది.

అదే ఏడాది డిసెంబరు 31న అమెరికా సైనిక ప్రధాన కార్యాలయం నీతిపాఠం, చరిత్ర, భూగోళం మూడూ ఆపేయించింది. 1946 మార్చిలో జార్జి స్టాడర్డ్ నాయకత్వాన 27 మంది అమెరికన్ విద్యావేత్తలు దిగారు. నెల తిరక్కుండా నివేదిక ఇచ్చి వెళ్లారు. నివేదికలో చాలా మంచి మాటలున్నాయి. ఆడామగా కలిసి చదవడం, తొమ్మిదేళ్ల నిర్బంధ విద్య, ప్రజలెన్నుకునే విద్యామండళ్లు. ఆరు, మూడు, మూడు, నాలుగేళ్ల చదువుమెట్లు ఆ సంస్కరణల్లోనే కుదిరాయి, జపానులో నేటికీ అవే. 1947 మార్చి 31న విద్యా మౌలిక చట్టం వచ్చింది. చక్రవర్తి పేరిట 1890లో ఇచ్చిన విద్యాశాసనం చెల్లదని 1948 జూన్‌లో పార్లమెంటు తీర్మానించింది. అంతకుముందు బడి పండగల్లో ప్రధానోపాధ్యాయుడు తెల్ల చేతితొడుగులు వేసుకుని మరీ చదివిన కాగితం అది.

నివేదికలో ఇంకో సలహా ఉంది. జపాను లిపి పిల్లలకు మోయలేని బరువు, దాన్ని వదిలి ఏబీసీడీల్లో రాసుకోండి అని. జపానువాళ్లు వినయంగా తలూపి పక్కన పెట్టేశారు. నాలుగేళ్ల క్రితం తంజోంగ్ పగార్ పిల్లల చేతికి కటకానా పలక ఇచ్చింది ఎవరో తలుచుకుంటే నవ్వాలో ఏమనాలో తోచదు. నెగ్గినవాడికి ఓడినవాడి అక్షరాలు ఎప్పుడూ కష్టంగానే కనబడతాయి. అమెరికన్ల పద్ధతి మెత్తన, వాళ్ల ఉద్దేశం మంచిది, ఒప్పుకుంటాను. సలహాను పక్కన పెట్టే వీలు టోక్యోకు దొరికింది. షోనాన్‌లో ఆ వీలు లేదు. తేడా అంతా అక్కడే.

ఉయెనో కథ కూడా అక్కడితో ఆగలేదు. కొత్త చదువులో భాగంగా పిల్లలకు ప్రజాస్వామ్యం నేర్పాలని టోక్యో తైతో వార్డులో పిల్లల సభ పెట్టారు. సభ్యులంతా బడిపిల్లలే. 1949లో ఆ సభ ఒక తీర్మానం చేసింది: మాకు ఏనుగు కావాలి. యుద్ధం నుంచి బతికి బయటపడ్డ రెండు ఏనుగులు నగోయాలో ఉంటే ఒకటి అరువివ్వమని వెళ్లి అడిగారు. వాళ్లివ్వలేదు, ఏనుగులను చూడ్డానికి పిల్లలకు ప్రత్యేక రైళ్లు వేశారు. అప్పుడు ఉత్తరాలు ఢిల్లీకి బయల్దేరాయి. వందల కొద్దీ పిల్లల ఉత్తరాలు నెహ్రూకు చేరాయి. 1949 సెప్టెంబరులో మైసూరు ఏనుగు ఉయెనోలో అడుగుపెట్టింది. నెహ్రూ దానికి తన కూతురి పేరే పెట్టాడు, ఇందిర. ఆక్రమణ కాలపు సంస్కరణల మీద లావుపాటి పుస్తకాలున్నాయి. ఆ పుస్తకాలన్నిటి కంటే నాకు ఈ ఏనుగు తీర్మానమే ఎక్కువ చెబుతుంది.

మరి ఓడాచీ? అమెరికన్ల హయాంలో ఆయన్ను పదవులకు పనికిరాడని నిషేధించారు. 1952లో జపానుకు స్వాతంత్ర్యం తిరిగొచ్చింది. 1953 మేలో ప్రధాని యోషిదా మంత్రివర్గంలో ఓడాచీకి ఒక శాఖ దక్కింది. విద్యాశాఖ. షోనాన్ మేయరు, ఏనుగుల గవర్నరు, ఇప్పుడు జపాను పిల్లల చదువుకు పెద్ద. 1954లో ఆయన పట్టుబట్టి రెండు చట్టాలు చేయించాడు. పంతుళ్లు రాజకీయాల్లో వేలు పెట్టకూడదు, బడిలో పార్టీల మాట రాకూడదు. పిల్లలను మళ్లీ యుద్ధానికి పంపం అని నినాదం పట్టిన ఉపాధ్యాయ సంఘం మీదే ఆ వేటు అని అందరికీ తెలుసు. తర్వాతి ఏడాది సెప్టెంబరులో ఆయన పోయాడు. ఆ మరుసటేడు విద్యామండళ్లకు ఎన్నికలు కూడా పోయాయి.

తంజోంగ్ పగార్‌లో బ్రిటిష్ సైనిక పాలన 1946 మార్చి దాకా నడిచింది. దాని పొడి అక్షరాలకు జనం 'బ్లాక్ మార్కెట్ అడ్మినిస్ట్రేషన్' అని అర్థం చెప్పుకున్నారు. బడులైతే 1945 అక్టోబరు నుంచే తెరుచుకున్నాయి. మన కుర్రాడికి పన్నెండు నిండాయి. ఇంగ్లీషు రెండో తరగతిలో వదిలాడు కాబట్టి మళ్లీ రెండో తరగతే. మోకాళ్లు బల్లకు తగులుతున్నాయి. పక్కన కూర్చున్న ఎనిమిదేళ్లవాడు వీడి మీసం గీత చూసి సారు అనుకున్నాడు. బల్లలు చాలక పొద్దున ఒక బడి, మధ్యాహ్నం అదే గదుల్లో ఇంకో బడి.

1946లోనే మాక్స్‌వెల్ రోడ్డులో తమిళ ముస్లిములు, కడయనల్లూరు నుంచి వచ్చినవాళ్లు, కవి ఉమరు పులవర్ పేరిట తమిళ బడి పెట్టుకున్నారు. ఎవరి ఉత్తర్వూ లేకుండా ఎవరి భాషలో వాళ్లు పెట్టుకున్న బడి అది. తర్వాత ఉన్నతపాఠశాల అయి, 1982లో మూతపడింది. 1947 ఆగస్టు 7న, ఇండియా స్వాతంత్ర్యానికి ఎనిమిది రోజుల ముందు, సింగపూరు సలహామండలి పదేళ్ల విద్యా ప్రణాళికను ఆమోదించింది. ఆరేళ్ల ఉచిత ప్రాథమిక విద్య, ఇంగ్లీషు, మలయ్, చైనీస్, తమిళంలో తల్లిదండ్రులు కోరిన భాషలో. కాగితం మీద మేలైన మాట. డబ్బు మాత్రం ఎక్కువగా ఇంగ్లీషు బడులకే వెళ్లింది.

ఏలేవాడు మారగానే బడి భాష మారడం మనకూ కొత్త కాదు. 1948 సెప్టెంబరులో హైదరాబాదు సంస్థానం లొంగి, జనరల్ చౌధురీ సైనిక గవర్నరుగా కూర్చున్నాక, 1918లో మొదలై ఉర్దూలో డాక్టర్లను, ఇంజనీర్లను తయారుచేసిన ఉస్మానియా ఇంగ్లీషులోకి మళ్లింది. బడిలో తెలుగుకు చోటు లేదని ఏళ్లుగా కుమిలిన తెలంగాణ పిల్లవాడికి ఊరటే. అప్పటికే సగం ఉర్దూలో చదివేసినవాడికి నెత్తిన పిడుగే. ఒకే తరగతిలో ఇద్దరూ ఉన్నారు.

తంజోంగ్ పగార్ పేరు ప్రపంచానికి తెలిసింది లీ క్వాన్ యూ వల్ల. 1942లో క్వీన్ స్ట్రీట్‌లో మూడు నెలలు జపాను భాష నేర్చి, దానితోనే ఉద్యోగం చేసి పొట్టపోసుకున్న కుర్రాళ్లలో ఆయనొకరు. ఆ మూడున్నరేళ్లే తన జీవితంలో ముఖ్యమైనవని తర్వాత రాసుకున్నారు. 1955 ఏప్రిల్ 2 ఎన్నికల్లో రేవు కూలీలున్న ఈ నియోజకవర్గం ఎంచుకున్నారు. ఓటర్లు ఎక్కువమంది చైనీయులు, ఆయనకు చైనీస్‌లో ప్రసంగం రాదు. ఒక మిత్రుడు రెండు పేరాలు రాసిచ్చి గంటల తరబడి వల్లె వేయించాడు. బందా వీధి సభలో తడబడుతూ అప్పజెప్పేశారు. గెలిచారు. ప్రధాని అయ్యాక దేశమంతటికీ ఇంగ్లీషుతో పాటు ఒక మాతృభాష తప్పనిసరి చేశారు. ఆ మాతృభాషల జాబితాలో తమిళం మొదటి నుంచీ ఉంది. 1990ల నుంచి హిందీ, పంజాబీ, బెంగాలీ, ఉర్దూ, గుజరాతీలకు చోటిచ్చారు. తెలుగు లేదు. ఈ రోజు తంజోంగ్ పగార్ అపార్ట్‌మెంట్లలో ఉండే మన సాఫ్ట్‌వేర్ దంపతులు పిల్లవాడి 'మాతృభాష' గళ్లో హిందీ అనో తమిళం అనో రాసొస్తారు.

ఇంకొక్క దృశ్యం. 1946. రేవులో కూలీలు ఎర్రగా కాగుతున్నారు. అంతకుముందు అక్టోబరులో వేలమంది సమ్మె కట్టిన గట్టు ఇదే. ఇంటికి పంపే ఓడలు దొరకని జపాను సైనికులను ప్రభుత్వం ఇక్కడే మూటలు మోయించింది. హోదా గుర్తులు పోయాయి, టోపీలు మిగిలాయి.

బడి ఒంటిపూట. కుర్రాడు అయ్యకు సద్ది తెచ్చాడు. ఓడ పక్కన బియ్యం మూటలు వరసగా దిగి ఉన్నాయి. ఒక ముసలి సైనికుడు వేలు చూపిస్తూ ఇచి, ని, సన్ అని లెక్కపెడుతున్నాడు. అయ్య ఇటునుంచి తన లెక్క తాను పెడుతున్నాడు. తెల్ల దొర చేతిలో అట్ట, దాని మీద పెన్సిలు.

సైనికుడి లెక్కకు పదకొండు వచ్చాయి. అయ్యకు పన్నెండు.

దొర ఇద్దరినీ చూసి, కుర్రాడి చేతిలో ఇంగ్లీషు వాచకం చూసి, నువ్వు లెక్కపెట్టమన్నాడు. కుర్రాడు సద్ది కింద పెట్టి మొదటి మూట దగ్గరికి వెళ్లాడు. సైనికుడు చేతులు రెండూ తొడల పక్కన పెట్టుకుని, నడుము కొద్దిగా వంచి, తప్పుకుని చోటిచ్చాడు.

కుర్రాడు నోరు తెరిచి ఆగాడు. మూడు మొదటి మాటలు నాలుక మీదికొచ్చాయి.

"లాభం" అన్నాడు.